పలకని మెట్టు

మా సంగీత కళాశాలలో పియానోల కంటే పండితులు ఎక్కువ. పియానోలు పద్నాలుగు. అవి శ్రుతి తప్పితే సరిచేయడానికి నేనున్నాను. పండితులకు ఆ ఏర్పాటు లేదు.

పియానోలకు శ్రుతి చేసే విద్య నాకు మా మామయ్య నేర్పాడు. ఆయన మా అమ్మకు అన్న, నాకు గురువు, ముప్పై ఏళ్ల కిందటి దాకా ఇదే కళాశాలకు ట్యూనరు. ఆయన్ను ఇక్కడి నుంచి ఎందుకు తీసేశారో ముందే చెప్పేస్తాను. అది తెలియకపోతే మొన్న జరిగిన భాగోతంలో సగం రుచి పోతుంది.

ట్యూనరు గది తలుపు మీద అప్పుడూ ఇప్పుడూ ఒకటే బోర్డు. "ట్యూనర్లు మెట్లు నొక్కవచ్చును. వాయించరాదు." వంటవాడు ఉప్పు చూడవచ్చు గానీ కంచం ముందు కూర్చోకూడదన్నమాట. ఆ రోజుల్లో పేరుమోసిన పియానిస్టు ఒకాయన కచేరీకి వచ్చాడు. పొద్దున వచ్చి, కూర్చునే బల్లను తన ఎత్తుకు సరిచేసుకుని వెళ్లాడు. సాయంత్రం వచ్చి చూస్తే బల్ల నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంది. "నా పియానో ఎవడు వాయించాడు?" అని నానా యాగీ చేశాడు. మధ్యాహ్నం హాల్లో ఉన్నది మామయ్య ఒక్కడే. మనిషి తాటిచెట్టంత పొడుగు, బల్ల దించకపోతే మోకాళ్లు పియానోకి కొట్టుకుంటాయి. వాయించడం విన్నానని వాచ్‌మన్ కూడా చెప్పాడు. అయినా మామయ్య ససేమిరా ఒప్పుకోలేదు. శ్రుతి చూసుకున్నానే తప్ప వాయించలేదని అందరి నెత్తిమీదా ఒట్టేశాడు.

అప్పట్లో మా అత్తయ్య ఇదే కళాశాల లైబ్రరీలో పనిచేసేది. వచ్చిన ప్రతి స్వరప్రతికీ, అంటే సంగీతం రాసి ఉన్న ప్రతి పుస్తకానికీ, కార్డు రాసి సొరుగులో పెట్టడం ఆవిడ ఉద్యోగం. అట్ట చిరిగిపోయి పేరూ ఊరూ లేని కాగితాలు వస్తే, అవి ఎవరివో పట్టుకోవడంలో ఆవిడను మించినవాళ్లు లేరట. ఆ పనంటే ఆవిడకు ప్రాణం. అలాంటి మనిషి ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్లి, "మా ఇంట్లో మాకో పియానో ఉంది. వాయించుకోవాలంటే ఆయన అది వాయించుకుంటాడు. మీది ముట్టుకోవాల్సిన ఖర్మేం పట్టింది?" అని దులిపేసింది. కచేరీ అయిన నాలుగో రోజున మామయ్యను తీసేశారు. అదే రోజు అత్తయ్య రాజీనామా ఇచ్చేసింది. మొగుడి మీద అబద్ధం మోపిన చోట తను పనిచేయనంది. తర్వాత మందుల షాపులో డబ్బాలు అక్షరక్రమంలో సర్దుతూ ఇరవై రెండేళ్లు గడిపింది.

ఆరేళ్ల కిందట ఈ కళాశాల నన్ను పనికి పిలిచినప్పుడు అత్తయ్య ఒకే ఒక్క షరతు పెట్టింది.

"వెళ్తే వెళ్లు. అక్కడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకు."

అందుకే మొన్నటిదాకా ఇంటి నుంచి నీళ్ల సీసా మోసుకెళ్లేదాన్ని. మామయ్య ఆ సీసా చూసినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేవాడు. అభిమానం పొడుచుకొచ్చి తిప్పుకుంటున్నాడు పాపం అనుకునేదాన్ని.

ఈ ఏడాది కళాశాలలో పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ నాటి కచేరీ టేపు వంతు వచ్చింది. కచేరీకి ముందు దాని మీద ఏడు నిమిషాల పియానో ఉంది. రికార్డింగు చేసేవాడు పరీక్ష కోసం మధ్యాహ్నమే యంత్రం ఆన్ చేసి టీకి వెళ్లిపోయినట్టున్నాడు. ఎవరూ ఎప్పుడూ వినని రచన. మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. సంగీతం గుర్తుపట్టే ఫోన్లకు వినిపిస్తే మూడు ఫోన్లూ చేతులెత్తేశాయి. ప్రిన్సిపాల్ ఆనందానికి హద్దుల్లేవు. ఫోనుకే తెలియలేదంటే ఎంత గొప్పదై ఉండాలి! ఆ పియానిస్టే చేయి అలవాటు కోసం ఏదో మరుగునపడ్డ మహా రచన వాయించుకున్నాడని తేల్చేసి, అది ఎవరి రచనో కనిపెట్టడానికి ఇద్దరు పెద్దమనుషులను పెట్టాడు.

మొదటాయన సంగీత సిద్ధాంతం చెప్పే ప్రొఫెసరు. నేను సిద్ధాంతిగారంటాను. ఆయన క్లాసులో పియానో మూత తెరిచి నేను చూడలేదు. దుమ్ము తుడవడానికి వెళ్తే ఆ మూత మీద ఆయన రాసిన పుస్తకాలే ఉంటాయి. రెండో ఆయన రికార్డులాయన. ఇంట్లో పన్నెండు వేల రికార్డులున్నాయి. వాటిని శుభ్రం చేయడంతోనే సరిపోతుంది, వినడానికి తీరికెక్కడిది?

వాళ్లిద్దరూ మొదటిసారి టేపు విన్న రోజున నేను ప్రిన్సిపాల్ గదిలోని చిన్న పియానో కింద కూర్చుని పెడలుకు చమురు పెడుతున్నాను. టేపులో మొదటి వరస మోగగానే లేవబోయాను, నెత్తి ఠంగుమని తగిలింది. ఒక్క వరస చాలు. చిన్నప్పుడు మామయ్య ఇంటికి వెళ్తే పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఇంట్లో ఉన్న ఆ డొక్కు పియానో ముందు కూర్చుని ఆయన వాయించుకునేది ఇదే. ఎవరి పాట అని ఎప్పుడూ అడగలేదు. మామయ్య దగ్గడం లాగే అది కూడా మామయ్యదే అనుకున్నాను.

"క్షయతో పోయినాయన!" అన్నాడు సిద్ధాంతిగారు కళ్లు మూసుకుని.

"కాదు, పిచ్చెక్కి పోయినాయన," అన్నాడు రికార్డులాయన.

వాళ్లిద్దరికీ స్వరకర్తలు పోయిన జబ్బుల మీద ఉన్న పట్టు బతికిన బతుకుల మీద లేదు. తగువు ఆ పూటకి ఆగేసరికి మధ్యాహ్నమైంది. నేను నెత్తి మీద బొప్పితో సరాసరి మామయ్య ఇంటికి పరిగెత్తాను. అత్తయ్య బజారుకు వెళ్లింది. సంగతి చెప్పగానే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ టేపు ఇంకా ఉందా?"

"అంటే నువ్వే వాయించావా మామయ్యా?"

"నెమ్మదిగా మాట్లాడవే తల్లీ!" వాకిలి వైపు చూశాడు. "తొమ్మిదడుగుల పియానో. పొద్దుటి నుంచీ నేనే ఒళ్లు హూనం చేసుకుని శ్రుతి చేశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అది నా చేతి కింద ఎలా ఉంటుందో విందామనుకున్నా. వాచ్‌మన్ తాళాల గుత్తి మోగింది, లేచిపోయా. బల్ల సంగతి మర్చిపోయా. అంతే."

"మరి అత్తయ్యకి..."

"కచేరీ రోజు రాత్రే చెప్పేద్దామనుకున్నా. అప్పటికే అది నా తరఫున కొంగు బిగించేసింది. ఇక నోరెలా వస్తుంది? నీకు పుణ్యముంటుంది, చెప్పకు. తెలిస్తే నన్ను నిలువునా పాతేస్తుంది."

సరేనన్నాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. చదువు చెప్పిన మనిషి రెండు చేతులూ పట్టుకుంటే కాదనలేకపోయాను. ఆ తర్వాత పనికి వెళ్తూ వాళ్లింటి దగ్గర ఆగినప్పుడల్లా అత్తయ్య నా సీసాలో నీళ్లు నింపి ఇస్తుంటే ఆవిడ ముఖం చూడకుండా అందుకునేదాన్ని.

తర్వాత మూడు వారాలు పేపర్లలో ఒకటే గోల. ఒక రోజు సిద్ధాంతిగారు పెద్ద వ్యాసం రాశాడు. ఈ రచనలో ఒక వింత ఉందట. పియానో మధ్య భాగంలో రెండో నల్ల మెట్టు ఒక్కసారి కూడా మోగదట. రావలసిన చోట నలభై ఒక్కసార్లు స్వరకర్త దాని పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయాడట. "ఇది లోపం కాదు, త్యాగం," అని రాశాడు. "ఆ స్వరం ఆయన పోగొట్టుకున్న ప్రేయసి. ఆమె పేరు పలకలేని దుఃఖం నలభై ఒక్కసార్లు మన గుండె తలుపు తడుతుంది." మర్నాడు రికార్డులాయన ఇంకో పేపర్లో దాన్ని ఖండించాడు. పోయింది ప్రేయసి కాదట, తల్లి అట.

ఇక మామయ్యను పట్టడం నా వల్ల కాలేదు. భయం భయమే, మురిపెం మురిపెమే. పేపర్లు కత్తిరించి పనిముట్ల పెట్టెలో గుడ్డ ముక్కల అడుగున దాచుకున్నాడు. "మహా రచన" అన్న చోటల్లా పెన్సిలుతో గీత.

"ఆ ప్రొఫెసరు చెప్పేదాకా నాకింత దుఃఖముందని నాకే తెలీదే అమ్మాయ్," అన్నాడు ఒక రోజు, గడ్డం నిమురుకుంటూ. డెబ్బై మూడేళ్ల మనిషి, బజారుకు వెళ్లేప్పుడు నడక కూడా మార్చాడు. కళాశాల హాల్లో తుది తీర్పు చెప్పే సభకు వెళ్లి వెనక వరసలో కూర్చుంటానన్నాడు. అత్తయ్యకు కంటి డాక్టరు దగ్గరికని చెప్పాడు.

సభ రోజు సాయంత్రం ఆయన వెళ్లిన పావుగంటకు అత్తయ్య నాకు ఫోన్ చేసి రమ్మంది. వెళ్లేసరికి ముందుగదిలో పనిముట్ల పెట్టె మూత తీసి ఉంది. పియానో మీద పేపరు ముక్కలు వరసగా, తారీకుల ప్రకారం పేర్చి ఉన్నాయి. కుక్కరు మూత పిడికి స్క్రూ కోసం పెట్టెలో వెతికిందట పాపం.

అత్తయ్య పియానో మూత ఎత్తి, మధ్యలో రెండో నల్ల మెట్టు మీద వేలు పెట్టి నొక్కింది. మెట్టు కిందికి వెళ్లింది. చప్పుడు రాలేదు. మళ్లీ నొక్కింది. రాలేదు.

"పెళ్లయిన ఏడాది దీని కడుపులో ఏముందో చూపించమన్నా. వంగి చూస్తుంటే నా తలపిన్ను జారి ఇందులో పడింది," అంది. "తియ్యమన్న ప్రతిసారీ రేపు తీస్తానన్నారు మీ మామయ్య."

నేను తల వంచుకున్నాను.

"నీకు తెలుసు."

"మూడు వారాల నుంచి, అత్తయ్యా."

"నీకు మూడు వారాలు. నాకు ముప్పై ఏళ్లు." అద్దం ముందు నిలబడి జుట్టు ముడి వేసుకుని, పిన్ను గుచ్చుకుంది. "పద."

మేం వెళ్లేసరికి సిద్ధాంతిగారు వేదిక మీద త్యాగం దగ్గరే ఉన్నాడు. హాలు నిండిపోయింది. మామయ్య చివరి వరసలో స్తంభం చాటున ఉన్నాడు గానీ, తాటిచెట్టుకు స్తంభం ఏం చాటు? అత్తయ్య ఆయన వంక చూడకుండా నేరుగా ముందుకు నడిచింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ గుమ్మం తొక్కడం. నడక మాత్రం నిన్న కూడా వచ్చి వెళ్లిన మనిషిలా ఉంది.

"ఒక అనుమానం అండీ," అంది.

"ప్రశ్నలు చివర్లో," అన్నాడు ప్రిన్సిపాల్.

"చివరిదాకా ఆగితే మీకే నామర్దా. ఆ రెండో నల్ల మెట్టు స్వరమే పై స్థాయిలో కూడా ఉంటుంది, కింది స్థాయిలో కూడా ఉంటుంది కదా. అవి వాయించాడా?"

సిద్ధాంతిగారు కాగితాలు తిరగేశాడు. "వాయించాడు."

"పైన పలికిన ప్రేయసి, కింద పలికిన ప్రేయసి, మధ్యలో మాత్రం ఎందుకు పలకలేదు? అది దుఃఖం కాదు బాబూ. ఆ మనిషి ఇంట్లో ఆ ఒక్క మెట్టు పాడైపోయింది. లేని మెట్టును తప్పించుకుంటూ పాట కట్టుకున్నాడు. అలవాటై, మంచి పియానో దొరికినా వేళ్లు అటు పోలేదు."

హాల్లో నవ్వులు. రికార్డులాయన కూడా నవ్వాడు, దెబ్బ తగిలింది సిద్ధాంతిగారికి కాబట్టి ఇంకాస్త గట్టిగా.

"అమ్మా, మీరెవరు?" అన్నాడు ప్రిన్సిపాల్, పిచ్చివాళ్లను పలకరించే గొంతుతో.

"మీ లైబ్రరీలో పదకొండేళ్లు కార్డులు రాసినదాన్ని. ఇలాంటి అనామకాలు మూడొందల పైన పట్టుకున్నా." వెనక్కి తిరిగింది. "ఏమండీ. లేవండి."

మామయ్య లేచాడు. ఆ నడవలో ఆయన నడిచి వచ్చిన తీరు చూస్తే నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది. మూడు వారాల రాజసం అంతా ఒక్కో వరస దగ్గర ఒక్కో ముక్క రాలిపోయింది. పియానో ముందు కూర్చుని, అలవాటు కొద్దీ బల్ల మర తిప్పి నాలుగు వేళ్లు కిందికి దించాడు. అత్తయ్య ఆ మర వంకే చూస్తూ నిలబడింది.

వాయించాడు. పాట అదే. నలభై ఒక్కసార్లు మెట్టు తప్పించాడు.

"టేపు విని నేర్చుకుని ఉండవచ్చు," అన్నాడు సిద్ధాంతిగారు నడుమనే. కానీ టేపులో పాట ఠక్కున ఆగే చోటు వచ్చింది. "అసంపూర్ణం, ఆయన జీవితం లాగే," అని సిద్ధాంతిగారు పేపర్లో కన్నీళ్లు పెట్టుకున్న చోటు అదే. మామయ్య అక్కడ ఆగలేదు. ఇంకో రెండు నిమిషాలు వాయించి, వాచ్‌మన్ తాళాలు మోగకపోతే ఆ రోజు ఎలా ముగించేవాడో అలా ముగించాడు. నిజం చెప్తున్నాను, ఆ ముగింపు చాలా బాగుంది. చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని, అయినా కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత సిద్ధాంతిగారు గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు శ్రద్ధగా వింటుంటే రచనలో కొంత... చౌకదనం కనిపిస్తోంది."

"నేను మొదట్నించీ అదే అంటున్నా," అన్నాడు రికార్డులాయన. మూడు వారాల్లో వాళ్లిద్దరికీ మాట కలిసింది అదొక్కసారే.

జనం చప్పట్లు కొట్టారు, వాళ్లకు సిద్ధాంతం తెలియదు కాబట్టి. మామయ్య ముఖం మళ్లీ వెలగబోయింది. అత్తయ్య దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అయితే వాయించారన్నమాట."

ఆయన మెట్ల వంక చూస్తూ తలూపాడు. అత్తయ్య ప్రిన్సిపాల్ వైపు తిరిగి, ఇప్పుడున్నది వేరే మనిషైనా, ఆ కుర్చీని చూసి చెప్పాల్సిన మాట చెప్పింది.

"మీ కాలేజీని ముప్పై ఏళ్లు తిట్టుకున్నా. తప్పు నాదే. గ్లాసుడు మంచినీళ్లు ఇప్పిస్తారా?"

ఎవరో తెచ్చి ఇచ్చారు. నేను నా సీసా చేతిలో పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాను.

"ఏంటే అలా చూస్తావు? వాళ్లు నిజమే చెప్పారు కదా. మరి వాళ్ల నీళ్లు తాగడానికేం?" అని గ్లాసు మొత్తం తాగేసింది.

అక్కడి నుంచి లైబ్రరీ వైపు నడిచింది. మామయ్యా నేనూ వెనకాలే. నడవలో ఆయన గబగబా అందుకున్నాడు.

"ఏదో ఒక్కసారి వాయించా. అంత కోపమా?"

అత్తయ్య ఆగింది. "వాయించినందుకు కాదు. ఇంటికొచ్చి చెప్పి ఉంటే ఆ పూటే నవ్వేసేదాన్ని. నేను రాజీనామా కాగితం ముందు పెట్టుకుని కలం కోసం వెతుక్కుంటుంటే, జేబులోంచి తీసి అందించారే. అందుకు. ఆ ఉద్యోగం నాకు ఎంత ఇష్టమో మీకు తెలుసు. తెలిసీ అందించారు."

ఏడు నిమిషాల పాటకు ముప్పై ఏళ్ల సాకు ఎక్కడ దొరుకుతుంది?

లైబ్రరీలో ఇప్పుడంతా కంప్యూటర్లే. కార్డుల సొరుగులు మాత్రం పారేయడానికి ఎవరికీ తీరిక లేక గోడ వారగా ఉన్నాయి. లైబ్రరీ అమ్మాయి ఏం కావాలని అడిగేలోపే అత్తయ్య అట్టడుగు సొరుగు లాగింది. ఖాళీ కార్డుల కట్ట అక్కడే ఉంది, పచ్చబడిపోయి. ఒకటి తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది.

మామయ్య జేబులోంచి కలం తీసి చాచాడు. అత్తయ్య దాని వంక చూసి, లైబ్రరీ అమ్మాయిని కలం అడిగి తీసుకుంది.

నేను భుజం మీంచి చూశాను. గుండ్రటి, తొందర లేని రాత. కర్త అన్న చోట మామయ్య పేరు, ఇంటిపేరుతో సహా రాసింది. వాద్యం అన్న చోట: పియానో, ఒక మెట్టు తక్కువ. వివరం అన్న చోట: అనుమతి లేకుండా వాయించినది, పూర్తిగా ఉంది, బాగుంది. ఆ చివరి మాట దగ్గర కలం కాసేపు ఆగింది గానీ, కొట్టేయలేదు.

అన్నిటికంటే కింద కార్డు రాసినవాళ్ల సంతకం, తారీకు. సంతకం పెట్టింది. తారీకు గడిలో ముప్పై ఏళ్ల కిందటి ఆ కచేరీ రోజు తారీకు వేసింది.

"అత్తయ్యా, ఈ రోజు తారీకు..." అన్నాను.

"తెలుసులే," అంది సిరా ఆరేలా ఊదుతూ. "ఆ రోజుకి నేనింకా ఉద్యోగంలోనే ఉన్నా."